తమ్ముడికి రాయకూడని ఉత్తరం

ఆరోగ్య కేంద్రం క్వార్టర్సు,
ఆదివారం.

పెద్దాసుపత్రి నర్సమ్మగారైన మా మరదలికి,
చిన్న ఆరోగ్య కేంద్రం ముసలి నర్సు ఆశీస్సులు.

ఫోన్ చేయడం లేదని అలగకు. నా ఎడమ చెవి ఎప్పుడో పోయింది. ఇప్పుడు కుడి చెవీ దాని దారే పట్టింది. ఫోన్లో నువ్వు నాలుగు మాటలు చెబితే రెండు నాకు, రెండు గాలికి. కాగితం మీదైతే అన్నీ నావే కదా.

అసలు సంగతికి వస్తాను. మాకు పైనుంచి కొత్త ఆర్డరు వచ్చింది. ఇక్కడికి వచ్చే ప్రతి ఆడమనిషినీ ఇంట్లో ఎవరైనా కొడుతున్నారా, బెదిరిస్తున్నారా అని మేమే అడగాలట. కాన్పు చేయమంటే కళ్ళు మూసుకుని చేస్తాను గానీ, ఇది అడగమంటే నాకు నోరు పెగలడం లేదు. మొన్న ఒకావిడ వచ్చింది, బట్టలు కుడుతుంది, మోచేతి దగ్గర నల్లగా కమిలిపోయి ఉంది. "ఏమ్మా, మీ ఆయన గానీ కొడతాడా ఏంటి?" అని అడిగాను. పక్కనే ఆయన కూర్చున్నాడు. ఆయన నవ్వాడు. ఆవిడా నవ్వింది. నేనూ సిగ్గు లేకుండా నవ్వేశాను. మళ్ళీ ఇంజెక్షన్‌కి రావలసిన రోజున ఆవిడ రాలేదు. అప్పటినుంచీ మనసులో అదే పీకుతోంది.

నువ్వు అక్కడ ఈ పనే చేస్తున్నావట కదా. ఎలా అడుగుతావో కాస్త నేర్పు తల్లీ. వయసులో పెద్దదాన్నని మొహమాటపడకు, తప్పులుంటే చీవాట్లు పెట్టు.

మా చంటోడు ఎలా ఉన్నాడు? నలభై దాటినా తమ్ముడు నాకు చంటోడే. అమ్మ పోయాక నా చేత్తో ముద్దలు పెట్టి పెంచాను మరి. ఎక్స్‌రే గదిలో అందర్నీ "ఊపిరి బిగపట్టండి, కదలకండి" అంటుంటాడు కదా, ఇంటికొచ్చి నీ మీద కూడా ఆ పెత్తనమే చేస్తున్నాడేమో! చేస్తే నాతో చెప్పు, చెవి మెలేస్తాను.

ఇక్కడ వానలు పట్టుకున్నాయి. సాయంత్రం అయ్యేసరికి కేంద్రంలో అందరూ వెళ్ళిపోతారు, నేనూ ఈ క్వార్టర్సూ మిగులుతాం. పెద్ద ఉత్తరం రాయి.

మీ వదిన


ఆరో నంబరు గది,
అవుట్ పేషెంట్ విభాగం.

వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చూసి గదిలో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆ కుట్టుపని ఆవిడ దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. మీరు బాధపడకండి, మొదట్లో అందరం అలాగే అడిగాం.

మా గది తలుపు మీద ఏమని రాసి ఉంటుందో తెలుసా? "బరువు - ఎత్తు" అని. లోపల నిజంగానే బరువు చూసే మిషను ఉంది, నిజంగానే చూస్తాం. గది ఇరుకు, ఒక్కరే రావాలి అంటే ఏ మొగుడికీ అనుమానం రాదు. ఆవిడ మిషను దిగి చెప్పులు వేసుకునేటప్పుడు అడుగుతాను. "ఇక్కడికి వచ్చే అందర్నీ అడుగుతామండీ, మిమ్మల్నీ అడుగుతున్నాను. ఇంట్లో ఎవరైనా మీ మీద చెయ్యి చేసుకుంటున్నారా? ఎవరికైనా భయపడుతున్నారా?" ఇంతే. నవ్వకూడదు. జాలి మొహం పెట్టకూడదు. బస్సు ఎప్పుడొస్తుందని అడిగినంత మామూలుగా అడగాలి.

లేదంటే సరేనండి అనేయండి. ఎప్పుడు చెప్పాలనిపించినా ఈ గది ఇక్కడే ఉంటుందని మాత్రం చెప్పండి. అవునంటే నమ్మండి. "మరి ఎందుకు ఊరుకున్నావ్?" అనొద్దు. వదిలేసి వచ్చెయ్యమని మీరే చెప్పొద్దు, ఏం కావాలో ఆవిడనే అడగండి. ఇంటికి వెళ్ళే చీటీ మీద ఈ విషయం ఒక్క ముక్క కూడా రాయకండి. దెబ్బల వివరాలు, ఆవిడ చెప్పిన మాటలు మీ బీరువాలో తాళం వేసి ఉండాలి.

అన్నిటికన్నా ముఖ్యం, ఆవిడ కోరకుండా మొగుడితో మాట్లాడకండి. మంచిగా కూడా వద్దు. మనం వాడికి బుద్ధి చెప్పి చేతులు దులుపుకుంటాం. ఇంటికి వెళ్ళాక ఆ బుద్ధికి బదులు ఆవిడకి తగులుతుంది. ఈ ఒక్క విషయంలో మీ తొందర పనికిరాదు వదినగారూ. మీ సంగతి నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను.

ఆయన బాగున్నారు.

ఉత్తరాలు ఆసుపత్రికే రాయండి. ఇంటి దగ్గర పోస్టు డబ్బా మూత విరిగిపోయింది, వానకి అన్నీ తడిసిపోతున్నాయి.

మీ మరదలు


ఆరోగ్య కేంద్రం,
మందుల గది.

మరదలికి,

నేను గెలిచాను! మా కొట్టుగదిలోంచి పాత అట్టపెట్టెలన్నీ బయటికి నెట్టించి, బరువు మిషను అందులోకి మార్పించాను. డాక్టరుగారు "ఇదేం పిచ్చి, వరండాలో బాగానే ఉందిగా" అన్నారు. వరండాలో గాలికి ముల్లు ఊగుతోందని చెప్పాను. ఇంత నున్నటి అబద్ధం నా నోట ఎలా వచ్చిందో నాకే తెలియదు. నీ సావాస దోషం.

ఆ కుట్టుపని అమ్మాయి మళ్ళీ వచ్చింది. మొగుడు వెంట ఉన్నాడు. "గది ఇరుకయ్యా, నువ్వు బయట కూర్చో" అన్నాను. కూర్చున్నాడు. నువ్వు చెప్పినట్టే అడిగాను. ఆ పిల్ల చెప్పు ఒక కాలికి వేసుకుని, రెండోది వేసుకోకుండా అలాగే నిలబడిపోయింది. తర్వాత చెప్పింది. నెమ్మదిగా, నాకు వినపడదని తెలిసినట్టు నా కుడిచెవి దగ్గరికి వచ్చి మరీ చెప్పింది. నేను ఏం చేయాలని అడిగాను. "ఏం వద్దమ్మా, ఒకరికి తెలిస్తే చాలు ఇప్పటికి" అంది. వచ్చే వారం మళ్ళీ బరువు చూడాలని ఆయనతో చెప్పి పంపాను.

గెలిచానన్నాను గానీ, ఇంటికొచ్చాక ముద్ద దిగలేదు. చెప్పుకోవడానికి గోడలు తప్ప ఎవరున్నారు? నువ్వు రోజూ ఇవన్నీ విని ఇంటికెళ్ళి ఎలా అన్నం తింటున్నావే? నీకైతే పక్కన చంటోడు ఉంటాడు, నాలుగు మాటలు చెప్పుకుంటావు. ఆ మాట అనుకుని కాస్త ఊరట పడ్డాను.

మీ వదిన


ఆరో నంబరు గది.

వదినగారికి,

అక్షరాలు కోడి గీసినట్టున్నాయని తిట్టుకోకండి. బాత్రూములో కాలు జారి పడ్డాను. కుడి మణికట్టు వాచింది. కట్టు నేనే వేసుకున్నాను, ఎడమ చేత్తో రాస్తున్నాను. ఎక్స్‌రే తీయించుకోమని గదిలోకి వచ్చినవాళ్ళంతా చెబుతున్నారు. "మీకేమండీ, మిషను మీ ఆయన చేతిలోనే ఉంది" అంటున్నారు. తీయించుకుంటాలెండి.

మొన్న మేట్రన్‌గారు సిబ్బంది అందరికీ మీటింగు పెట్టారు. రోగులనే కాదు, మనలో మనం కూడా చూసుకోవాలి, ఇలాంటి ఇబ్బంది ఉన్నవాళ్ళు ఎవరైనా నా దగ్గరికి రావచ్చు, మాట బయటికి పోదు అన్నారు. అందరూ ఊడ్చే ఆడవాళ్ళ వైపు చూశారు. వాళ్ళు తలొంచుకున్నారు. నా వైపు ఎవరూ చూడలేదు. ఎందుకు చూస్తారు? అడిగే కుర్చీలో కూర్చున్నదాన్ని నేను.

మీరు అడిగారు కదా, ఇవన్నీ విని ఎలా తింటున్నావని. గదిలో ఉన్నంతసేపూ బాగానే ఉంటాను వదినగారూ. వచ్చేవాళ్ళు ఆగిపోయి, మిషను మీద ఎవరూ లేనప్పుడు ఆ గది నాకు నచ్చదు.

ఆ పిల్ల విషయంలో మీరు చాలా బాగా చేశారు. నాకు గర్వంగా ఉంది.

మీ మరదలు


ఆరోగ్య కేంద్రం క్వార్టర్సు,
శనివారం.

మరదలికి,

నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచీ నాకు కాలు నిలవడం లేదు. నా కొట్టుగదిలో ఎంతమంది ఆడవాళ్ళు బాత్రూములో జారిపడ్డారో నీకు తెలుసా? ఈ ఊళ్ళో బాత్రూములన్నీ సబ్బుతో కట్టారా అని డాక్టరుగారు కూడా అడిగారు. ఎముక విరిగిందేమోనని అనుమానం ఉండి, సొంత మొగుడు ఎక్స్‌రే మిషను పక్కనే నిలబడి ఉండగా, నర్సువి అయ్యుండి, కట్టు నువ్వే కట్టుకుని ఊరుకున్నావా? అవతల పిల్ల చెబితే నమ్మమన్నావు. నువ్వు చెప్పకపోయినా నాకు తెలిసింది.

నా చేతుల మీద పెరిగినవాడు ఇలాంటివాడా? వాడికి ఇందాకే ఉత్తరం రాసి పడేశాను. గట్టిగా రాశాను. "ఇంకోసారి దాని మీద చెయ్యెత్తావంటే నేనొచ్చి నిన్ను రోడ్డు మీద నిలబెడతాను" అన్నాను. వాడు ఎవరి మాటైనా కాదంటాడేమో గానీ నా మాట జవదాటడు. నువ్వు చెప్పిన రూలు గుర్తుంది, మొగుడితో మాట్లాడొద్దన్నావు. అది పరాయివాళ్ళ సంగతి. నేను వాడి అక్కని, నాకు ఆ రూలేంటి?

ఇక దిగులు పెట్టుకోకు. వాడు చక్కబడతాడు. చెయ్యి చూపించుకో.

మీ వదిన


ఇల్లు.

గౌరవనీయులైన వదినగారికి నమస్కారములు.

మేము ఇక్కడ క్షేమం. మీరు క్షేమమని తలుస్తాము. ఆయనకు మీరు రాసిన ఉత్తరం ఇద్దరం కలిసి చదివాము. ఆసుపత్రికి నాకు రాసిన ఉత్తరం కూడా ఆయనకు చూపించాను. మీరు అపార్థం చేసుకున్నారు. మా మధ్య ఎటువంటి గొడవలూ లేవు. నేను నిజంగానే జారి పడ్డాను.

మీ వయసులో లేనిపోని ఆలోచనలు పెట్టుకోవడం మంచిది కాదని ఆయన బాధపడ్డారు. ఇకమీదట ఆసుపత్రికి ఉత్తరాలు రాయవద్దు. ఏదైనా ఉంటే ఆయనకే రాయగలరు.

ఇట్లు,
మీ మరదలు


ఆరోగ్య కేంద్రం,
మందుల గది.

తల్లీ,

ఈ కవరు మీ మేట్రన్‌గారి పేరున పంపుతున్నాను. లోపలి కవరు విప్పకుండా, నువ్వు ఒక్కదానివే ఉన్నప్పుడు నీ చేతికి ఇమ్మని మాత్రం రాశాను. ఇంకేమీ చెప్పలేదు. చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం.

ఇంటి నుంచి నువ్వు రాసింది చదివాను. ఆ మాటలు నీవి కావు. వాడు పక్కన నిలబడి చెబుతుంటే, వాచిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఎడమ చేత్తో రాశావు. నేను రాసిన ఉత్తరం వాడికి చేరిన రోజు నీకు ఏమైందో నేను అడగను. నాకు తెలుసు. ఆ దెబ్బలు నేను పంపించాను.

నువ్వు అంత విడమరిచి చెప్పావు. నేను ఊళ్ళో అందరి దగ్గరా ఆ మాట తప్పలేదు. కుట్టుపని పిల్ల మొగుణ్ణి చూస్తే చెంప పగలగొట్టాలనిపించినా, నోరు మూసుకుని బరువు చీటీ ఇచ్చి పంపాను. నా తమ్ముడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం అక్కనన్న పొగరు నెత్తికెక్కింది. ఏ ఇంట్లో అయినా కొట్టేవాడి అక్కో, అమ్మో ఇలాగే అనుకుని ఉంటారు.

ఇక నేను నీకేమీ సలహా చెప్పను. వాడికి రాయను, అక్కడికి రాను, ఎవరికీ చెప్పను. నీకు ఏం కావాలో అది అడుగు. అదే చేస్తాను, దానికి మించి వేలు కూడా కదపను. ఊరికే చేతులు కట్టుకుని కూర్చోవడం నాకు ఎంత కష్టమో నీకు తెలుసు. కూర్చుంటాను.

నువ్వు ఏం చెప్పినా నమ్ముతాను. ఏమీ చెప్పకపోయినా నీ వైపే ఉంటాను.

వదిన


మేట్రన్‌గారి ఆఫీసు గది.

వదినగారికి,

మీ మీద చాలా కోపం వచ్చింది. అది ముందు చెప్పాలి. ఆ రెండు రోజులు మిమ్మల్ని తలుచుకుని తిట్టుకున్నాను. మీ ఉత్తరం ఆయన గట్టిగా చదివి వినిపించారు. ఆ తర్వాత సంగతి మీరు అడగనన్నారు కాబట్టి రాయను.

మీ కవరు అందింది. మేట్రన్‌గారు నన్ను పిలిచి, తలుపు వేసి, కవరు చేతికిచ్చి అటు తిరిగి కిటికీ దగ్గర నిలబడ్డారు. నేను చదువుకున్నాక వచ్చి ఎదురుగా కూర్చుని అడిగారు. "అందర్నీ అడుగుతున్నాం, నిన్నూ అడుగుతున్నాను. ఇంట్లో ఎవరికైనా భయపడుతున్నావా?" ఎంతమందిని నేను అడిగిన మాట అది! నన్ను ఎవరైనా అడగడం మాత్రం అదే మొదలు. "లేదండీ, జారిపడ్డాను" అన్నాను. ఆవిడ "సరే" అన్నారు. అని, లేచి పొమ్మనలేదు. టీ తెప్పించారు. టీ చల్లారిపోయింది. అప్పుడు చెప్పాను. అంతా చెప్పాను. నేను అంత ఏడుస్తానని నాకే తెలియదు వదినగారూ.

ఎక్స్‌రే ఎందుకు తీయించుకోలేదో మీరు ఊహించే ఉంటారు. ఈ ఆసుపత్రిలో ఏ ఎముక ఫోటో అయినా ఆయన చేతి మీదుగానే పోవాలి. ఆయన విరగ్గొట్టిన చెయ్యి ఆయన ముందే బల్ల మీద పెట్టి, ఆయన కదలకు అంటే కదలకుండా ఉండాలి. నాకు అది చేతకాలేదు. అందుకని నొప్పి పంటి బిగువున పట్టుకున్నాను. మేట్రన్‌గారు ఆ రోజే నన్ను ఊరికి అటు చివర ఉన్న వేరే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. విరిగింది. కట్టు వేశారు. నా ఫైలు డాక్టరు తప్ప ఎవరూ తెరవడానికి లేకుండా చేశారు.

ఇప్పుడు నేను నర్సుల హాస్టల్లో ఉంటున్నాను. చేయి అతుక్కునేదాకా జీతంతో సెలవు ఇచ్చారు. తర్వాత డ్యూటీ వేరే విభాగంలో, వేరే గేటు నుంచి. వాచ్‌మన్‌కి ఆయన ఫోటో ఇచ్చారు. ఆయన్ని పిలిచి విచారిస్తామన్నారు, నేను సరేనన్నాక. పోలీసుల దగ్గరికి వెళ్ళాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు. ఎవరూ తొందరపెట్టడం లేదు. లాయరమ్మ ఒకావిడ వచ్చి, నాకు ఏమేం దారులున్నాయో చెప్పి వెళ్ళింది.

బాగున్నానా అంటే బాగున్నాననే చెప్పాలి. తలుపుకి లోపలి గడియ ఉంది. రెండు మంచాల గది, రెండో మంచం ఖాళీ. తోటి నర్సులు వరండాలో నన్ను చూసి మాట ఆపేస్తారు. పాపం, ఏం మాట్లాడాలో వాళ్ళకీ తెలియదు. రోగులతో మాట్లాడటం నేర్పారు గానీ నాతో మాట్లాడటం ఎవరూ నేర్పలేదు. మేట్రన్‌గారితో ఆ మాట అంటే, నీకు ఓపిక వచ్చాక అదీ నువ్వే నేర్పాలి అన్నారు.

ఏం కావాలో అడగమన్నారు. ఒక్కటే అడుగుతున్నాను. ఆయన మీ దగ్గరికి వస్తారు. నేను ఎక్కడున్నానో చెప్పకండి. మీరు ఆయన్ని పెంచారు. నాకోసం ఆయన్ని కాదనమని అడిగే హక్కు నాకుందో లేదో తెలియదు. అయినా అడుగుతున్నాను.

మీ మరదలు


ఆరోగ్య కేంద్రం క్వార్టర్సు,
ఆదివారం.

తల్లీ,

వాడు వచ్చాడు.

మధ్యాహ్నం నేను బట్టలు ఆరేస్తుంటే గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. గడ్డం పెరిగింది, చొక్కా గుండీ ఊడిపోయింది. నా ప్రాణం ఊరుకోలేదు. లోపలికి రమ్మని అన్నం పెట్టాను. కంచం ముందు కూర్చుని, "అదెక్కడుందక్కా?" అన్నాడు.

తెలియదని చెప్పాలనుకున్నాను. డాక్టరుగారి దగ్గర అంత సులువుగా వచ్చిన అబద్ధం వాడి మొహం చూశాక రాలేదు. "తెలుసురా. చెప్పను" అన్నాను.

"నీకు నేనెక్కువా, అదెక్కువా?"

"ఎక్కువ తక్కువల సంగతి కాదు. దాని చెయ్యి విరగ్గొట్టావు నువ్వు."

"అదే పడింది" అన్నాడు. చిన్నప్పుడు గ్లాసు పగలగొట్టి చెప్పిన గొంతే, ఏమీ మారలేదు. అప్పుడు నవ్వేదాన్ని. ఈసారి నవ్వలేదు. "ఇలా చెయ్యి చేసుకునే మగవాళ్ళతో మాట్లాడి మార్చేవాళ్ళు ఉన్నారట, వెళ్ళరా, నేను తోడు వస్తాను" అని బతిమాలాను. "నాకేం రోగం?" అని కంచం తోసేసి ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు.

నేను వెనక్కి ఒక అడుగు వేశాను.

వాడు నన్ను ఏమీ చేయలేదు. చెయ్యి కూడా ఎత్తలేదు. నేను మాత్రం నా చేత్తో పెంచినవాడికి భయపడి వెనక్కి జరిగాను. గోడ వీపుకి తగిలింది. వాడు అది చూశాడు. వాడి మొహం ఎలా అయిపోయిందో నేను చెప్పలేను. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. బస్టాండు వైపు వెళ్ళేదాకా కిటికీలోంచి చూశాను. వెనక్కి తిరిగి చూడలేదు. ఇక రాడేమో కూడా.

నువ్వెక్కడున్నావో వాడికి తెలియదు, నా నోటి వెంట రాదు. ఆ విషయంలో నిశ్చింతగా ఉండు. కానీ నీకు ఒకటి చెప్పాలి. వాడు వెళ్ళాక ఆ కంచం కడుగుతూ చాలాసేపు ఏడ్చాను. ఏడ్చింది నీకోసం కాదే. వాడి కోసం. నీ చెయ్యి విరగ్గొట్టినవాడి కోసం ఏడ్చాను. నువ్వు నన్ను ఏమన్నా పడతాను.

వదిన


నర్సుల హాస్టలు,
మేడ మీద చివరి గది.

వదినగారికి,

కట్టు విప్పారు. కుడి చేత్తో రాస్తున్నాను, అక్షరాలు ఇంకా వణుకుతున్నాయి.

మిమ్మల్ని ఏమనమంటారు? మీకు చెబుతున్నాను, ఇక్కడ ఎవరికీ చెప్పలేని మాట. తలుపు గడియ పెట్టుకున్నాక నేనూ ఆయన కోసమే ఏడుస్తున్నాను. ఎవరైనా వింటే పిచ్చిదనుకుంటారు. మళ్ళీ వెళ్ళిపోతుందేమోనని మేట్రన్‌గారు భయపడతారు. వెళ్ళను. అయినా ఏడుపు వస్తుంది.

ఒక్క మనిషి కోసం ఇద్దరం రెండు ఊళ్ళలో విడివిడిగా ఏడవడం దేనికండీ? సెలవు పెట్టి రండి. రెండో మంచం దులిపి ఉంచాను.

మీ మరదలు